ఆర్ద్ర వెలుగు: ఒకే రాత్రి 7:30కి 0.3, పదింటికి 0.5. తేడా చుక్కదా, గాలిదా?

డాబా_చుక్కలు (ఎంవీపీ కాలనీ)

ఆర్ద్ర, అంటే బెటెల్‌గూస్, వెలుగును కంటితో అంచనా కట్టడంలో ఒక చిక్కు. జనవరి మధ్యలో రాత్రి 7:30కి ఆర్కే బీచ్ నుంచి చూసి, రైజెల్‌కీ ప్రోసియాన్‌కీ మధ్య ఎక్కడుందో లెక్కేస్తే 0.3 మాగ్నిట్యూడ్ వస్తోంది (ఈ అంకె ఎంత చిన్నదైతే చుక్క అంత వెలుగు). అదే రాత్రి పదింటికి డాబా మీంచి ప్రోసియాన్‌కీ రోహిణికీ మధ్య లెక్కేస్తే 0.5. వాడిన విలువలు: రైజెల్ 0.13, ప్రోసియాన్ 0.37, రోహిణి 0.86. రెండున్నర గంటల్లో ఆర్ద్ర అంత మారదు. మరి ఏ అంకె నమ్మాలి? విశాఖలో ఏ నెల, ఏ వేళ, ఏ పోలిక చుక్కలు వాడితే 0.1 వరకు నమ్మకం కుదురుతుంది?

దీంతో పాటు ఇంకో రెండు. ఎర్ర చుక్క కాబట్టి కన్ను మోసం చేస్తుందంటారు, దానికి విరుగుడేమిటి? 18–55 లెన్స్ ఉన్న డీఎస్ఎల్ఆర్ ఈ పనికి ఉపయోగపడుతుందా?

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఆర్ద్ర ఈ ఏడాదే పేలుతుంది" అని మళ్లీ తిరుగుతోంది. పిల్లలు అడుగుతున్నారు. దానికీ ఎవరైనా సరైన జవాబిస్తే బాగుంటుంది.

గాలిమందం

0.5నే నమ్మండి. 7:30 అంకెలో తప్పు కంటిది కాదు, ఎంచుకున్న జతది.

చుక్క ఎంత కిందుంటే దాని వెలుగు అంత మందమైన గాలిలోంచి రావాలి. నడినెత్తిన ఉంటే గాలి మందం 1 అనుకోండి. 60 డిగ్రీల ఎత్తులో 1.15, 45లో 1.41, 30లో 2, 20లో 2.9. ఎత్తు కోణం సైన్ విలువతో 1ని భాగిస్తే వచ్చేది ఇదే, 20 డిగ్రీల పైన ఈ లెక్క చాలు. ఒక్కో మందానికి ఎంత వెలుగు పోతుందన్నది ఆ రాత్రి గాలిని బట్టి. సముద్ర మట్టంలో తేటగా ఉన్న రాత్రి 0.25 నుంచి 0.3 మాగ్నిట్యూడ్ పోతుంది. మన ఊళ్లో చలికాలం రాత్రుల్లో కైలాస, యారాడ కొండల మధ్య పొగ, తేమ కిందకి దిగి కదలకుండా ఉండిపోతాయి కాబట్టి అంతకంటే ఎక్కువే పోవచ్చు.

ఇప్పుడు మీ 7:30 లెక్క చూద్దాం. జనవరి 15న ఆ వేళకి విశాఖలో రోహిణి 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, రైజెల్ 50లో, ఆర్ద్ర 48లో. ప్రోసియాన్ మాత్రం 23లోనే, అదీ సముద్రపు తేమ మీద. మందానికి 0.3 చొప్పున వేస్తే రోహిణి 0.32 కోల్పోతుంది, రైజెల్ 0.39, ఆర్ద్ర 0.40, ప్రోసియాన్ 0.77. అంటే మీ కంటికి 0.37 ప్రోసియాన్ 1.14గానూ, 0.86 రోహిణి 1.18గానూ కనిపిస్తాయి. అసలు అర మాగ్నిట్యూడ్ తేడా ఉన్న రెండు చుక్కలు ఆ వేళకి దాదాపు సమానం! ఆర్ద్ర నిజంగా 0.5 దగ్గర ఉంటే కంటికి 0.90, రైజెల్ 0.52. రైజెల్–ప్రోసియాన్ మధ్య దూరంలో ఆర్ద్ర పదింట ఆరు వంతులు కిందకి పడుతుంది. 0.13కి, ఆ రెండు చుక్కల అసలు తేడా 0.24లో పదింట ఆరు వంతులు కలిపితే 0.27. మీకు వచ్చిన 0.3 అదే.

పదింటికి ఆర్ద్ర 79 డిగ్రీల్లో, రోహిణి 75లో, ప్రోసియాన్ 58లో ఉంటాయి. వాటి మధ్య గాలి తేడా 0.05 దాటదు, అందుకే ఆ అంకె నిలుస్తుంది.

ఈ సమానత్వాన్నే పనికి వాడుకోవచ్చు. ప్రోసియాన్ పైకి లేస్తున్నప్పుడు అది రోహిణితో సరిసమానంగా కనిపించిన నిమిషం రాసుకోండి. ఆ క్షణాన వాటి మధ్య గాలి తినేసిన తేడా 0.49. దాన్ని రెండింటి గాలి మందాల తేడాతో భాగిస్తే ఆ రాత్రి మందానికి ఎంత పోతోందో వచ్చేస్తుంది. జనవరి 15కి లెక్క కట్టి పెడుతున్నాను: 7:15కే సమానమైతే 0.26, చాలా మంచి రాత్రి. 7:30కి అయితే 0.33. ఎనిమిదికి గానీ సమానం కాలేదంటే 0.51, ఆ రాత్రి ఆర్ద్ర జోలికి పోకండి. తర్వాతి ప్రతి రోజుకీ ఈ వేళలు నాలుగు నిమిషాల చొప్పున ముందే వచ్చేస్తాయి. రెండు చుక్కల రంగులు వేరు కాబట్టి ఇది ముతక కొలతే, కానీ చూడదగ్గ రాత్రీ కాదా అని తేల్చుకోవడానికి సరిపోతుంది.

నియమం ఒక్కటే పెట్టుకోండి. ఆర్ద్ర, పోలిక చుక్కలు అన్నీ 40 డిగ్రీల పైన ఉండాలి, గాలి మందాల తేడా 0.2 లోపు ఉండాలి. ఎత్తులు స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్‌లో చుక్క మీద నొక్కితే కనిపిస్తాయి. బీచ్‌లో ఉన్నారా డాబా మీద ఉన్నారా అన్నది ఆ తర్వాతి సంగతి. ఇంత వెలుగున్న చుక్కలకి ఊరి దీపాలతో పెద్ద ఇబ్బంది లేదు, వీధిదీపం నేరుగా కంట్లో పడకుండా నీటి ట్యాంకు నీడలో ఉంటే చాలు. బీచ్‌లో తూర్పు దిక్కు చీకటిగా ఉంటుంది నిజమే, కానీ ఆ చీకట్లోనే ఉప్పు తేమ కూడా ఉంటుంది.

రోహిణి_కార్తె

పైన చెప్పినదానికి కన్ను సంగతి కలుపుతాను.

ఎర్ర చుక్కను తదేకంగా చూస్తే క్షణక్షణానికీ వెలుగు పెరిగినట్టు అనిపిస్తుంది. పక్కనే తెల్లటి చుక్క ఉంటే దానికి అలా జరగదు. అందుకే రెప్పపాటు చూపు చూసి పక్కకి తిప్పేయాలి. ఆర్ద్ర మీద ఒక సెకను, రోహిణి మీద ఒక సెకను, మళ్లీ ఆర్ద్ర. నాలుగైదు సార్లు తిప్పాక వచ్చిన మొదటి నిర్ణయమే రాయండి. ఎంతసేపు తర్జనభర్జన పడితే అంత ఎర్ర చుక్క వైపు మొగ్గుతారు.

కళ్లజోడు వాడేవారికి దగ్గరి చూపు బాగుండి దూరపు చూపు మసకైతే, అది ఇక్కడ వరం. జోడు తీసేసి చూడండి. చుక్కలు చిన్న చిన్న వెలుగు బిళ్లలుగా మారతాయి. సూదిమొన లాంటి రెండు చుక్కల కంటే రెండు బిళ్లల వెలుగును పోల్చడం చాలా తేలిక, రంగు వల్ల వచ్చే తేడా కూడా తగ్గుతుంది.

ఆర్ద్రకీ రోహిణికీ మధ్య 21 డిగ్రీలు, ఆర్ద్రకీ ప్రోసియాన్‌కీ మధ్య 26. చేయి చాచి పట్టిన పిడికిలి పది డిగ్రీలు కాబట్టి రెండు నుంచి రెండున్నర పిడికిళ్లు. రెండింటినీ ఒకే చూపులో ఇరికించాలని చూస్తే ఒకటి కంటి అంచుకు పోతుంది, అక్కడ ఎర్రదనం సరిగా తెలియదు. ఒక్కోదాన్ని చూపు నడిమధ్యకి తెచ్చుకుని పోల్చాలి. 79 డిగ్రీల ఎత్తులో ఉన్న చుక్క కోసం మెడ వెనక్కి విరిచి నిలబడటం కంటే డాబా మీద చాప వేసుకుని పడుకోవడమే మేలు. పడుకున్నప్పుడు పోల్చే రెండు చుక్కలూ కళ్లకు అడ్డంగా, ఒకే వరసలో వచ్చేలా చాప తిప్పుకోండి. ఒకటి నుదుటి వైపు, ఒకటి గడ్డం వైపు ఉంటే రెండింటి మీదా కన్ను ఒకేలా తీర్పు చెప్పదు.

చీకటికి అలవాటు పడటానికి పది పదిహేను నిమిషాలు చాలు. మధ్యలో ఫోన్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

చంద్రుడి సంగతి పంచాంగమే చెప్తుంది. ఆ రోజు చంద్ర నక్షత్రం రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసుల్లో ఏదైనా అయితే చంద్రుడు ఈ పేటలోనే ఉన్నట్టు, ఆ నాలుగు రోజులూ వదిలేయండి. మార్గశిర పౌర్ణమి డిసెంబరులో సరిగ్గా ఇక్కడే పడుతుంది. అందుకే ఆకాశం తేటగా ఉన్నా డిసెంబరులో పని జరిగే రాత్రులు అనుకున్నన్ని ఉండవు.

సింహాచలం_తూర్పు

రోహిణిని పోలిక చుక్కగా వాడమంటున్నారు గానీ, అది కూడా చరతారే (వెలుగు మారే చుక్కే) కదండీ? వయసు మళ్లిన ఎర్ర చుక్కే. దానికంటే రైజెల్ నయం కాదా? ఆర్ద్ర పక్కనే, ఎప్పుడూ దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది.

రోహిణి_కార్తె

సరైన అభ్యంతరమే. రోహిణి 0.75కీ 0.95కీ మధ్య నెమ్మదిగా ఊగుతుంది. రైజెల్ కూడా నిలకడైనదేమీ కాదు, 0.05 నుంచి 0.18 వరకు మారుతుంది. ఈ వెలుగులో పూర్తిగా కదలని చుక్కలు ఎక్కువ లేవు, అందుకే ఒక్కదాని మీద ఆనకుండా రెండు మూడు జతలు తీసుకోవాలి.

రైజెల్‌తో పెద్ద ఇబ్బంది రంగు. అది నీలి తెలుపు, ఆర్ద్ర ముదురు నారింజ. ఒక్కొక్కరి కన్ను ఎరుపుకు ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి ఇద్దరు మనుషులు రైజెల్‌తో పోల్చి 0.3 తేడాగా చెప్పినా ఆశ్చర్యం లేదు. రోహిణి రంగు ఆర్ద్రకు బాగా దగ్గర, పునర్వసులోని పోలక్స్ దాని తర్వాత. నా వరస ఇది: ఆర్ద్ర 0.4కీ 0.9కీ మధ్య ఉంటే ప్రోసియాన్–రోహిణి. 0.9 దాటి మసకబారితే రోహిణి–పోలక్స్, పోలక్స్ 1.14. అంతకన్నా దిగజారితే పోలక్స్–బెల్లాట్రిక్స్, అది 1.64, ఆర్ద్ర పక్క భుజం. 0.4 కంటే వెలుగైనప్పుడే రైజెల్‌ను లాగాలి, అప్పుడు వేరే దారి లేదు. 2023 వసంతంలో ఆర్ద్ర మామూలు కంటే బాగా వెలిగినప్పుడు అందరూ అదే చేయాల్సి వచ్చింది.

గర్భాగ్ని

పేలుడు సంగతి నేను రాస్తాను.

ఆర్ద్ర రెడ్ సూపర్‌జెయింట్, అంటే బాగా ఉబ్బిన భారీ ఎర్ర చుక్క. ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 16–19 రెట్లు, ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 3,600 కెల్విన్. సూర్యుడి చోట పెడితే కుజుడి కక్ష్య కూడా దాని లోపలే. వయసు కోటి ఏళ్లు కూడా నిండలేదు. 460 కోట్ల ఏళ్ల సూర్యుడు నడివయసులో ఉంటే ఇది అప్పుడే ముసలిది, ఎందుకంటే బరువైన చుక్క తన ఇంధనాన్ని విపరీతమైన వేగంతో మండించేస్తుంది. హైడ్రోజన్ గర్భంలో అయిపోయింది, ఇప్పుడు హీలియం మండుతోంది. ఈ లెక్కన పేలడానికి ఇంకా లక్ష ఏళ్ల వరకు ఉంది. హీలియం అయిపోయి కార్బన్ దశకు చేరిందనీ, కొన్ని దశాబ్దాల్లో పేలవచ్చనీ 2023లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. వాట్సాప్ కబుర్లకు అదే మూలం కావచ్చు. ఆ వాదన నిలవాలంటే ఆర్ద్ర ఇప్పుడు కొలుస్తున్న దానికంటే చాలా పెద్దదై ఉండాలి, చుక్క అడ్డుకొలత (వ్యాసం) కొలిచిన లెక్కలు దానికి ఒప్పుకోవు.

పిల్లలకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇది: మసకబారడం పేలుడుకు ముందస్తు సూచన కాదు. 2019 అక్టోబరు నుంచి 2020 ఫిబ్రవరి వరకు ఆర్ద్ర 1.6 దాకా పడిపోయింది, మామూలు వెలుగులో మూడో వంతుకు దగ్గర. బెల్లాట్రిక్స్‌తో సమానంగా కనిపించింది. చుక్క పైపొరలు ఎసట్లో అన్నంలా కుతకుతలాడుతూ ఉంటాయి. అలాంటి ఒక పెద్ద ఉబుకుతో పైపొర ముక్క బయటికి విసిరివేయబడి, చల్లారి, ధూళి మేఘమై మనకూ దానికీ మధ్య అడ్డొచ్చింది. అదే సమయంలో ఉపరితలంలో కొంత భాగం చల్లబడింది కూడా. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ 2019 జనవరిలో, డిసెంబరులో తీసిన చిత్రాలు పక్కపక్కన పెడితే దక్షిణ భాగం నల్లబడటం కళ్లకు కడుతుంది. ఈ వివరణ 2021లో వెలువడింది. ఇంకో విషయం, ఇంత చల్లని చుక్కల వాతావరణంలో టైటానియం ఆక్సైడ్ ఉంటుంది. ఉష్ణోగ్రత కాస్త తగ్గినా అది పెరిగి కంటికి కనిపించే వెలుగునే ఎక్కువగా మింగుతుంది. అందుకే మన కంటికి పెద్ద పతనంగా తోచింది, పరారుణంలో మార్పు కొద్దిదే.

పేలుడు గర్భంలో మొదలవుతుంది. గర్భం కుప్పకూలడానికి సెకను కూడా పట్టదు, ఆ సంగతి పైపొరకు చేరడానికి గంటలు పడుతుంది. ముందు వచ్చేవి న్యూట్రినోలు అనే అతిసూక్ష్మ కణాలు. పేలినా మనకు ప్రమాదం లేదు. హాని చేయాలంటే సూపర్‌నోవా (ఇలా పేలే చుక్క) 50 కాంతి సంవత్సరాల లోపు ఉండాలి, ఆర్ద్ర 500 పైనే. అర్ధచంద్రుడంత వెలుగుతో పగలు కూడా కనిపిస్తుంది, అంతే.

మీ అంకెల్లో కనిపించే మామూలు ఊగిసలాటకు కారణాలు వేరే. చుక్క ఉబ్బి కుంచించుకునే చక్రం సుమారు 400 రోజులది. 2020 తర్వాత 200 రోజుల దగ్గరి ఊపు ముందుకొచ్చింది. వీటి మీద దాదాపు 2,100 రోజుల దీర్ఘ చక్రం ఉంది. దానికి ఒక చిన్న తోడు చుక్క కారణమని 2024లో లెక్కగట్టారు. 2025 జూలైలో హవాయిలోని జెమినీ నార్త్ టెలిస్కోప్‌తో అనుకున్న చోటే ఏదో ఉన్నట్టు చూశామని ప్రకటించారు, ఆర్ద్రకంటే ఆరు మాగ్నిట్యూడ్‌లు మసకగా. ఆ ఆనవాలు బలహీనమైనదే, అయినా లెక్కకు సరిపోయింది. ఆరేళ్ల చక్రాన్ని పట్టుకోవాలంటే ఏళ్ల తరబడి అంచనాలు కావాలి. పెద్ద టెలిస్కోపులు ఇంత వెలుగున్న చుక్కను మామూలుగా కొలవలేవు, వాటి సెన్సర్లు నిండిపోతాయి. డాబా మీది కంటి అంచనాకు ఇప్పటికీ విలువ ఉండటానికి కారణం అదే.

రా_ఫైలు

డీఎస్ఎల్ఆర్ గురించి. 18 ఎంఎం దగ్గర ఆర్ద్ర, రోహిణి, ప్రోసియాన్ మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. ట్రైపాడ్, ఎఫ్/4, ఐఎస్‌ఓ 200, 8–10 సెకన్లు. రా ఫైలు (కెమెరా మార్చని అసలు డేటా) తప్పనిసరి, జేపెగ్‌లో కెమెరా వెలుగుల నిష్పత్తినే మార్చేస్తుంది. ఫోన్ నైట్ మోడ్ కూడా అందుకే పనికిరాదు.

ఫోకస్‌ను కావాలనే చెడగొట్టాలి, చుక్క పది పన్నెండు పిక్సెళ్ల బిళ్ల అయ్యేలా. స్పష్టంగా ఫోకస్ చేస్తే ఆర్ద్ర ఎరుపు పిక్సెళ్లు ముందే నిండిపోతాయి, చుక్క వెలుగంతా రెండు మూడు పిక్సెళ్లలో పడి కొలత గాడి తప్పుతుంది. పచ్చ చానల్ మాత్రమే తీసుకోండి, దాని గరిష్ఠ విలువ సెన్సర్ పరిమితిలో 70 శాతం దాటకూడదు. 15–20 ఫ్రేములు తీసి సగటు కట్టండి, చుక్క మిణుకు అందులో కలిసిపోతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది ఫ్రేము అంచుల్లో. ఈ లెన్సులు మూలల్లో బాగా చీకటి పడతాయి. తెల్ల గుడ్డ కప్పి సంధ్య ఆకాశం వైపు ఫ్లాట్ ఫ్రేములు (అంతటా ఒకే వెలుగున్న ఫొటోలు) తీసి సరిదిద్దకపోతే మూలలోని ప్రోసియాన్ ఉన్నదానికంటే మసకగా వస్తుంది. గాలిమందం గారు చెప్పిన లెక్క కెమెరాకూ వర్తిస్తుంది, గాలి అందరికీ ఒకటే. ఇంకోటి, పచ్చ చానల్ చుక్కల కొలతలో వాడే ప్రామాణిక వీ బ్యాండ్‌కు (పచ్చ–పసుపు వెలుగు పట్టీకి) దగ్గరగా ఉన్నా అదే కాదు. ఆర్ద్ర అంత ఎర్రటి చుక్కకి ఆ తేడా బయటపడుతుంది. చరతారల అంచనాలు పోగుచేసే ఆవ్సో (ఏఏవీఎస్ఓ) సంస్థకు పంపేటప్పుడు టీజీ (కెమెరా పచ్చ చానల్) అని గుర్తించాలి, వీ అని కాదు.

డాబా_చుక్కలు

అందరికీ ధన్యవాదాలు. చాప తిప్పే సంగతి, ప్రోసియాన్–రోహిణి సమానత్వం సంగతి ఇవాళే నోట్సులో ఎక్కించాను. చివరగా రెండు: ఏ తేదీల మధ్య చూడాలి, ఆవ్సోకి పంపేటప్పుడు జూలియన్ తేదీ (ఖగోళంలో వాడే వరస రోజుల లెక్క) ఎలా వేయాలి?

గాలిమందం

పదింటి ఆకాశం జనవరి 15న ఎలా ఉంటుందో, ఫిబ్రవరి 14న ఎనిమిదింటికి అలాగే ఉంటుంది. మార్చి మధ్యలో 7:30కి రోహిణి 55 డిగ్రీల్లో ఉంటుంది, ఇంకా పర్వాలేదు. విశాఖకి ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మూడో వారం వరకు అన్నిటికంటే అనువైన కాలం, చీకటి పడగానే పని అయిపోతుంది. ఏప్రిల్‌లో రోహిణి ముందు దిగిపోతుంది, అప్పుడు ప్రోసియాన్–పోలక్స్ జత వాడండి. ఏప్రిల్ 30న 7:15కి ఆర్ద్ర 31 డిగ్రీలకు వచ్చేస్తుంది, ఆ పాటికి ఆపేయాలి. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది, సూర్యుడు ఆర్ద్ర దగ్గర ఉండేది ఆ రోజుల్లోనే. దానికి ముందు నెల, వెనక నెల చుక్క దొరకదు. జూలై ఆఖర్న తెల్లవారుజామున 4:45కి తూర్పున 23 డిగ్రీల్లో మళ్లీ తేలుతుంది గానీ మబ్బులు వదలవు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల మధ్య దొరికిన తెల్లవారుజాములు వాడుకోవచ్చు.

జూలియన్ రోజు గ్రీన్‌విచ్ మధ్యాహ్నం మొదలవుతుంది, అంటే మనకు సాయంత్రం 5:30. రాత్రంతా ఒకే అంకె, అర్ధరాత్రి తేదీ మారిందన్న గందరగోళం లేదు. 5:30 తర్వాత గడిచిన గంటలను 24తో భాగించండి. రాత్రి ఎనిమిదికి 0.10, పదింటికి 0.19. పూర్ణాంకాన్ని వాళ్ల సైట్‌లోని కాలిక్యులేటర్ ఇస్తుంది, గంటను యూటీలో (గ్రీన్‌విచ్ టైములో) ఇవ్వాలి, మన టైములో కాదు.

అక్కడ ఆర్ద్ర పేరు ఆల్ఫా ఓరి. వాళ్ల చార్టులో పోలిక చుక్కల అంకెలకు దశాంశ బిందువు ఉండదు, ఆ బిందువును నక్షత్రం అనుకోకుండా ఉండటానికి. 4 అంటే 0.4, 9 అంటే 0.9. మీరు వాడిన రెండు అంకెలూ రాయాలి, ఆర్ద్ర విలువ ఒక దశాంశం వరకే. వెన్నెల, పొగమంచు, ఎత్తు తక్కువ అని ఉంటే వ్యాఖ్యలో పెట్టండి. వారానికి ఒక అంచనా సరిపోతుంది, రోజూ చూస్తే నిన్నటి అంకె బుర్రలో ఉండి చెయ్యి అటే పోతుంది. డాబా ఎక్కే ముందు పాత అంచనాలు తెరవొద్దు.